మృగాడు అనే మాట

(తిరుపతిలో ఒక ఆదివారం సాయంత్రం పుస్తకప్రియులు జరుపుకున్న చిన్న సభలో ఒక విశ్రాంత పశువైద్యుడు చేసిన ప్రసంగం. మాట తీరు మార్చకుండా ఎత్తి రాశాం.)

సభలో ఉన్న పెద్దలకు, అమ్మలకు, ముందు వరసలో కూర్చున్న వెటర్నరీ కాలేజీ పిల్లలకు నమస్కారం.

నేను ఉపన్యాసకుణ్ణి కాను, పశువుల డాక్టర్ని. 2022లో విడిపోకముందు పాత చిత్తూరు జిల్లా ఉండేది కదా, ఆ జిల్లాలోనే నా ఉద్యోగమంతా గడిచింది. పలమనేరు, పుంగనూరు, పీలేరు, చంద్రగిరి పక్క ఊళ్లు. చూసింది ఆవుల్ని, ఎనుముల్ని అంటే గేదెల్ని, గొర్రెల్ని. వాటితో పాటు వాటిని పెంచే మనుషుల్నీ చూశాను. ఈ సాయంత్రం ఒక మాట గురించి చెప్పుకోవాలని వచ్చాను. ఆ మాట పేరు మృగాడు.

పీలేరు దగ్గర ఒక టీ కొట్టు. పదేళ్ల పైమాటే. ఒక గొర్రెల కాపరి పొదుగువాపు వచ్చిన గొర్రెను భుజాల మీద వేసుకుని నా దగ్గరికి వచ్చాడు. దానికి సూది వేసి, ఇద్దరం టీ కోసం కూర్చున్నాం. గొర్రె ఆయన కాళ్ల దగ్గర పడుకుంది. ఎదురుగా టీవీలో ఒక చిన్నపిల్ల మీద జరిగిన ఘోరం గురించి చెబుతున్నారు. తెర కింద ఎర్రటి పట్టీలో పెద్ద అక్షరాలు పోతున్నాయి: మృగాడు, మానవ మృగం, పశువు. ఆయనకు చదువు రాదు, కానీ చదివేవాళ్లు పెద్దగా చదువుతున్నారు కాబట్టి వింటున్నాడు. కాసేపు విని నా వైపు తిరిగి అన్నాడు:

"సారూ, మృగం ఏం జేసిందని దాని పేరు పెడతా ఉండారు? నేను యాభై ఏండ్లుగా జీవాలు మేపుతా ఉండాను. ఎదలో లేని గొర్రె కాడికి మా పొట్టేలు పోయినా, వాసన జూసి పక్కకు తొలిగిపోతాది. ఆ నా కొడుకు చేసిన పని ఏ జీవం జేస్తాది, చెప్పు?"

అప్పుడు నేను జవాబు చెప్పలేదు. బిల్లు కట్టి వచ్చేశాను. ఆ ప్రశ్న మాత్రం నాతోపాటే వచ్చింది.

ఆయన చెప్పింది నిజం. వెటర్నరీ పిల్లలకు తెలుసు, మిగతావాళ్ల కోసం చెబుతాను. గొర్రెకు 17 రోజులకోసారి ఎద, అంటే జతకట్టే అదను, వస్తుంది. అది నిలిచేది ఒక రోజు, మహా అయితే ఒకటిన్నర రోజు. పొట్టేలు దగ్గరికి వెళ్లి వాసన చూస్తుంది, మూతి పైకెత్తి పై పెదవి మడిచి గాలి పీలుస్తుంది. ఎద లేదని తెలిస్తే కాస్త తచ్చాడి మళ్లీ మేతలో పడుతుంది. పల్లెలో పుట్టినవాళ్లందరూ చూసిన దృశ్యమే ఇది.

నేను అబద్ధం చెప్పదలచుకోలేదు. జంతువుల్లో బలవంతం అసలు లేదని అంటే అది తప్పు. బాతుల్లో ఉంది. ఒరాంగుటాన్ అనే పెద్ద కోతుల్లో ఉంది. పరిశోధకులు కళ్లారా చూసి రాశారు. కానీ చాక్లెట్ చూపించి పిలిచి, తలుపు గడియ వేసి, ఫోన్లో వీడియో తీసి, "మీ అమ్మకు చెప్తే చంపేస్తా" అని బెదిరించి, మర్నాడు స్నానం చేసి బొట్టు పెట్టుకుని అదే వీధిలో తిరిగే జంతువును నేను చూడలేదు. పుస్తకాల్లోనూ చదవలేదు. ముందు రోజే ఆలోచించి పెట్టుకోవాలి, మాయమాట చెప్పాలి, సాక్ష్యం దాచాలి, పరువు కాపాడుకోవాలి. వీటన్నిటికీ మనిషి బుర్ర కావాలి. మనిషి బుర్రతో, మనిషి భాషతో, మనిషి చేతులతో చేసిన పనికి మృగం పేరు ఎందుకు పెడుతున్నాం?

ఎందుకో నాకు ఇన్నేళ్లకు అర్థమైంది అనుకుంటున్నాను. వాడు మనవాడు కాదని చెప్పుకోవడానికి. మృగం అనగానే మన కళ్లు అడవి వైపు పోతాయి. వాడు ఎక్కడో పొదల్లోంచి వచ్చాడన్నట్టు ఉంటుంది. దేశంలో ఏటా వచ్చే నేర గణాంకాలు చూడండి. అత్యాచారం కేసుల్లో నూటికి తొంభై పైగా నిందితులు ఆ ఆడమనిషికి ముందే తెలిసినవాళ్లు. బంధువు, పక్కింటాయన, పెళ్లి చేసుకుంటానని మాటిచ్చినవాడు, పని ఇచ్చినవాడు. వాడికి ఆధార్ కార్డు ఉంది, రేషన్ కార్డు ఉంది, పెళ్లిపత్రికలో పేరుంది. మృగం అని పిలిచి మనం బిడ్డలకు ఏం నేర్పుతున్నాం? కోరలున్నవాడికి, ఎర్రకళ్లవాడికి భయపడమని. చాక్లెట్ తెచ్చిన మామయ్యకు కోరలు ఉండవు కదమ్మా.

ఈ విషయంలో మన ఊరి అమ్మవారి కథ చాలా గొప్పదని నాకనిపిస్తుంది. తిరుపతిలో ఉన్నాం కాబట్టి తాతయ్యగుంట గంగమ్మ కథ మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆడపిల్లల మీద అఘాయిత్యాలు చేసే పాలెగాడు, వాణ్ణి అంతం చేయడానికి పుట్టిన గంగమ్మ. ఆమె మీద చెయ్యి వేయబోయి, ఆమె ఎవరో తెలిసి పారిపోయి దాక్కున్నాడు. ఆమె రోజుకో వేషం వేసుకుని వెతికింది. చివరికి దొర వేషంలో వస్తే, దొర వచ్చాడనుకుని బయటికి వచ్చాడు. అప్పుడు చంపింది. ఆ తర్వాత మాతంగి వేషంలో వెళ్లి వాడి పెళ్లాన్ని ఓదార్చింది. జాతరలో మనం ఏటా మగవాళ్లం చీరలు కట్టుకుని వేషాలు వేసి తలుచుకునేది ఈ కథనే.

ఇందులో పాలెగాణ్ణి ఎవరూ పులి అనలేదు, తోడేలు అనలేదు. పాలెగాడు అనే అన్నారు. అది వాడి పదవి. ఊరి మీద వాడికి ఉన్న అధికారం పేరు. వాడికి పెళ్లాం ఉంది, ఆమెకు ఏడుపు ఉంది. వాడు బయటికి వచ్చింది ఎవరి కోసం? తనకన్నా పెద్ద దొర కోసం. మన ముత్తవ్వలు నేరం ఎక్కడ పుడుతుందో ఎంత సూటిగా చూశారో చూడండి. ఆ చూపు ఇవాళ్టి ఎర్ర పట్టీలో లేదు.

మన తిట్లు ఒకసారి తలుచుకోండి. గాడిదా, కుక్కా, పందీ. నక్కజిత్తులు, పాము పగ, కోతి బుద్ధి, మొసలి కన్నీరు, కొంగ జపం, దున్నపోతు మీద వాన. నేను వాటికి వైద్యం చేసినవాణ్ణి, అందుకే ఇవి వింటుంటే నొప్పిగా ఉంటుంది. పందికి మనలా చెమట పట్టదు. ఎండకు తట్టుకోలేక బురదలో పొర్లుతుంది. చోటిచ్చి చూడండి, పడుకునే చోట పేడ వేయదు. పాముకు పగ ఉండదు, ఫలానా మనిషి అని గుర్తుపెట్టుకుని వెతుక్కుంటూ వచ్చే శక్తి దానికి లేదు. కొంగ కదలకుండా నిలబడేది చేప కోసం, ఎవరినీ భక్తితో నమ్మించడానికి కాదు. జపం అనే మాట మనది, దాని వెనక దాగే మోసమూ మనదే.

కాకి, కోకిల సంగతి చూడండి. చిన్నప్పటి నుంచి కోకిలను పొగిడాం, కాకిని తోలాం. ఆడ కోకిల కాకి గూట్లో గుడ్డు పెట్టి పోతుంది. కాకి తన పిల్లలతో పాటు ఆ పిల్లకూ నోట్లో ముద్ద పెడుతుంది. ఒక కాకి చచ్చిపడితే ఊళ్లో కాకులన్నీ చేరి గోల చేస్తాయి. మీ మేడ మీదే చూసి ఉంటారు. పితృకార్యం నాడు పిండం ముట్టమని బతిమాలేది కూడా కాకినే. అయినా నల్లగా ఉంది, గొంతు బాగోలేదు, అంతే. కోకిలను నేను తప్పు పట్టడం లేదు, దాని పుట్టుక అది. నేను అడిగేది మన తీర్పు గురించి. గొంతు తియ్యగా, రంగు ఒప్పుగా ఉంటే చాలు, ఏం చేసినా మంచివాడే. ఈ తీర్పు పక్షులతో మొదలై పక్షులతో ఆగడం లేదు. పెళ్లిచూపుల దాకా, ఓట్ల దాకా వస్తోంది.

ఇంకో సామెత, మేకవన్నె పులి. ఇన్నేళ్లలో మేకతోలు కప్పుకున్న పులిని నేను చూడలేదు. తోలు కప్పి మోసం చేసిన మనిషిని చూశాను. అది చెప్పాలి.

ఉద్యోగంలో చేరిన కొత్త. పుంగనూరు దాటి ఒక పల్లె. ఎనుము పాలు ఇవ్వడం తగ్గించిందని కబురు వస్తే తెల్లవారుజామున వెళ్లాను. ఇంటావిడ దొడ్డి తలుపు తీసింది. ఎనుము ముందర కొట్టానికి ఆనించి ఒక దూడ నిలబడి ఉంది. లాంతరు వెలుగులో మొదట దూడే అనుకున్నాను. దగ్గరికి వెళ్తే వాసన తెలిసింది. ఉప్పు, సున్నం, ఎండు తోలు. చచ్చిన దూడ తోలు ఒలిచి, లోపల వరిగడ్డి కూరి, కాళ్ల స్థానంలో వెదురు పుల్లలు పెట్టి కుట్టారు. కళ్ల చోట రెండు కుట్లు. ఎనుము దాని వీపు నాకుతోంది. నాకీ నాకీ ఒక చోట వెంట్రుకలు పోయి తోలు నున్నగా అయింది. నాకుతూనే చేపింది, అంటే పొదుగులోకి పాలు దించింది. ఆవిడ గబగబా పాలు పిండుకుంది.

దూడ ఎలా చచ్చిందమ్మా అని అడిగాను. దున్నదూడ సార్ అంది. అంతే చెప్పింది. నాకు అర్థమైంది. మగదూడ, దున్నడానికి ట్రాక్టర్ ఉంది, దానికి పాలు వదిలితే చెంబు తగ్గుతుంది. చంపలేదు, కడుపు నింపలేదు. తోలు మీద ఇంకా పక్కటెముకల గుర్తు కనబడుతోంది.

ఆవిడను దుర్మార్గురాలు అని నేను అనలేను. భర్త లేడు, ఇద్దరు బిడ్డలు, ఆ రెండు పూటల పాలే ఇంటికి ఆధారం. ఎనుముకు కూడా గడ్డి తన చేత్తోనే వేస్తుంది, పేరు పెట్టి పిలుస్తుంది. నేను చెప్పేది అది మంచితనమా చెడ్డతనమా అని కాదు. ఆ కొట్టంలో ఇద్దరు తల్లులు ఉన్నారు. ఒక తల్లి ఇంకో తల్లి కడుపుతీపిని పట్టుకుని మోసం చేయగలిగింది. ఎందుకంటే తల్లి మనసు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. అవతలి జీవి మనసు తెలిసి ఉండడమే మనిషికున్న గొప్ప శక్తి. ఆ శక్తితోనే దయ చూపిస్తాం, దానితోనే గడ్డిదూడ చేస్తాం. ఎనుముకు రెండోది చేతకాదు.

ఆ తర్వాత రోజుల్లో గడ్డిదూడ పోయి పాల ఇంజక్షన్ వచ్చింది. చాటుగా వేస్తారు, డాక్టర్ రాగానే సీసా గడ్డిలోకి పోతుంది. జంతుహింస నివారణ చట్టం 1960లో వచ్చింది. నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్ గారు రాజ్యసభలో పట్టుబట్టిన ఫలితం అది. పాల కోసం పశువుకు ఇలాంటి సూదులు వేయడం నేరమని అందులో విడిగా రాశారు. అదే చట్టంలో, పశువును కొట్టినా, ఆకలితో మాడ్చినా, మోయలేనంత బరువు వేసినా మొదటిసారి తప్పుకు జరిమానా ఎంతో తెలుసా? 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఇవాళ ఈ ఊళ్లో బస్టాండు దగ్గర ఒక ప్లేటు ఇడ్లీ ఖరీదు.

(సభలోంచి ఒకరు: చిరుతపులి పసిపాపను చంపింది కదా సార్, దానికేమంటారు?)

మంచిది, అడిగారు. దాటవేయను. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల బిడ్డను చిరుత ఎత్తుకుపోయింది. అంతకు రెండు నెలల ముందే అదే దారిలో ఒక చిన్న బాబు చిరుత నోటిదాకా పోయి బతికాడు. ఆ పాప వార్త విన్న రాత్రి నేను నిద్రపోలేదు. మన ఇంట్లో ఆ వయసు బిడ్డ ఉంటే ఎవరికి నిద్ర పడుతుంది? ఆ తల్లిదండ్రుల దుఃఖం ముందు ఏ వాదనా నిలవదు.

కానీ ఆ చిరుత నేరం చేసిందా అంటే నేను చేయలేదనే చెబుతాను. దానికి ఆకలి తెలుసు, అదను తెలుసు. ఎదురుగా వచ్చింది దేవుడి దగ్గరికి పోతున్న బిడ్డ అని తెలియదు. దాన్ని బోనులో పట్టడం అవసరం, పట్టారు. చేతికర్రలు ఇచ్చారు. 12 ఏళ్లలోపు పిల్లలను మధ్యాహ్నం 2 గంటల తర్వాత నడకదారిలోకి పంపడం మానేశారు. ఇవన్నీ చేయవలసినవి. దారి పొడవునా మనం పారేసే తినుబండారాలకు కుక్కలు, పందులు, జింకలు చేరతాయి. వాటి వెనకే చిరుత వస్తుంది. ఇది తెలుసుకుని మారగలిగింది మనమే. చిరుతను హంతకి అంటే ఆ ప్లేట్లు పారేసిన చేతులను ఎవరూ అడగరు.

జంతువులు దేవతలు అనడానికి నేను రాలేదు. కొండముచ్చుల్లో కొత్త మగది గుంపును వశం చేసుకుంటే అక్కడున్న చంటిపిల్లలను చంపడం ఉంది. 1960ల్లో ధార్వాడ దగ్గర సుగియామా అనే జపాన్ శాస్త్రవేత్త, 1970ల్లో మౌంట్ అబూలో సారా హర్డీ అనే ఆవిడ దగ్గరుండి చూసి రాశారు. పిల్ల పోతే తల్లి త్వరగా ఎదకు వస్తుంది, కొత్త మగదాని సంతానం కంటుంది. భయంకరంగా ఉంది కదా. చింపాంజీలు పక్క గుంపు మీద పడి ఒక్కొక్కదాన్నే చంపడం టాంజానియాలోని గోంబేలో 1974 నుంచి నాలుగేళ్లు జరిగింది. అంచేత ధర్మం నేర్చుకోవడానికి అడవికి పొమ్మని నేను చెప్పను. వాటి మంచినీ చెడునీ వాటి లెక్కలో చూడండి, మన చెడును తీసుకెళ్లి వాటి గుమ్మంలో పారేయకండి అంటున్నాను.

ఇప్పుడు రెండు ప్రయోగాల గురించి చెబుతాను. ఉద్యోగంలో ఉండగా చదివాను, ఇప్పటికీ మరిచిపోలేదు. రెండూ అమెరికాలోనే, దాదాపు ఒకే కాలంలో జరిగాయి.

మొదటిది కోతులది. జూల్స్ మాసర్‌మన్ అనే మానసిక వైద్యుడు, ఆయనతో ఇంకొందరు చేశారు. 1964లో అచ్చయింది. మన ఉత్తరాదిలో గుళ్ల దగ్గర కనబడే ఎర్రమూతి కోతులే. బోనులో రెండు గొలుసులు. ఏది లాగినా తిండి వస్తుంది. కోతికి అలవాటయ్యాక ఒక గొలుసు మార్చారు. అది లాగితే తిండీ వస్తుంది, అద్దం అవతల బోనులో ఉన్న ఇంకో కోతికి కరెంటు షాకూ కొడుతుంది. అవతలిది విలవిల్లాడటం ఇవతలిదానికి కనిపిస్తుంది. చాలా కోతులు ఆ గొలుసు ముట్టడం మానేశాయి, తిండి తగ్గినా సరే. ఒకటి 5 రోజులు, ఇంకొకటి 12 రోజులు అసలు ఏ గొలుసూ లాగలేదు. ఆకలితో ఉండిపోయింది. అవతలి కోతి తెలిసినదైతే ఇంకా ఎక్కువ ఓర్చుకున్నాయి. తను ఒకసారి షాక్ తిన్న కోతి, తినని కోతికన్నా ఎక్కువ ఓర్చుకుంది.

12 రోజులు. మనం ఏకాదశికి ఒక్క పూట ఉంటేనే పది మందికి చెబుతాం.

రెండోది మనుషులది. స్టాన్లీ మిల్‌గ్రామ్, యేల్ విశ్వవిద్యాలయం. 1961లో మొదలుపెట్టి 1963లో అచ్చు వేశాడు. పేపర్లో ప్రకటన చూసి వచ్చిన మామూలు మనుషులు 40 మంది. గుమాస్తాలు, టీచర్లు, కూలీలు. అవతలి గదిలో ఒకాయన ప్రశ్నకు తప్పు చెబితే మీట నొక్కి షాక్ ఇవ్వాలి. తప్పు తప్పుకూ వోల్టులు పెంచాలి. నిజానికి షాక్ లేదు, అంతా నటన, నొక్కేవాళ్లకు ఆ సంగతి తెలియదు. 300 వోల్టుల దగ్గర అవతలాయన గోడ బాదుతాడు. తర్వాత ఆ చప్పుడు కూడా ఆగిపోతుంది. ఈయన ఆగబోతే పక్కన కోటు వేసుకున్న మనిషి నెమ్మదిగా, "దయచేసి కొనసాగించండి" అంటాడు. 40 మందిలో 26 మంది చివరి 450 వోల్టుల దాకా నొక్కారు.

వాళ్లు రాక్షసులు కారు. చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, గోళ్లు అరచేతుల్లో గుచ్చుకున్నాయి. అయినా నొక్కారు. పెద్దాయన చెప్పాడు కదా, బాధ్యత ఆయనది కదా. రెండు ప్రయోగాలు అచ్చంగా ఒకటి కావు, పక్కన పెట్టి తూకం వేయడానికి లేదు, నాకు తెలుసు. కోతికి ఆజ్ఞ ఇచ్చేవాళ్లు లేరు. కానీ సరిగ్గా అక్కడే నా మనసు ఆగిపోతుంది. మన కోసం బాధ్యత మోసే ఇంకొకడు ఉంటే మనం ఎంత దూరమైనా పోతాం. అధికారి చెప్పాడు, కులపెద్ద చెప్పాడు, పార్టీ చెప్పింది. అలా చెప్పుకోవడానికి ఎవరూ దొరకనప్పుడు, నాలోని పశువు చేయించింది అంటాం. పశువు కూడా మన కోసం ఒక దొర వేషం వేయాలి.

ఒక సంగతి ఇక్కడ చెప్పి ముందుకు పోతాను. మనకు పక్కనే శ్రీకాళహస్తి ఉంది. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. మూడు జీవాల పేరు మీద దేవుడు ఉన్న ఊరు. పాము మణులు తెచ్చి పెడితే ఏనుగు అవి అపచారమని తోసేసి నీళ్లు, మారేడు పత్రి పెట్టేది. పాముకు కోపం వచ్చి తొండంలో దూరింది. నొప్పికి ఏనుగు తల మోదుకుంది. రెండూ చచ్చాయి, రెండింటికీ శివుడు మోక్షం ఇచ్చాడు. నా పూజే పూజ, నీది అపచారం అనే జబ్బును కథలో పాముకు, ఏనుగుకు పెట్టారు. చెప్పింది మన గురించేనని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అదే గుడిలో కన్నప్ప ఉన్నాడు. బోయవాడు, వేటగాడు. దేవుడి కంట రక్తం కారుతుంటే తన కన్ను పెకలించి పెట్టినవాడు. వేటగాణ్ణి పాత భాషలో కిరాతుడు అంటారు. ఇవాళ ఎవరైనా గొంతు కోసి చంపితే పేపర్లో ఏమని రాస్తున్నాం? కిరాతకుడు అని. జంతువుల పేర్లు చాలవన్నట్టు అడవి మనుషుల పేరు కూడా తిట్టు చేశాం.

ఈ సభలో ఇద్దరు ముగ్గురు విలేకరులు ఉన్నారు. వాళ్లను చేతులు జోడించి అడుగుతున్నాను. ఈసారి అలాంటి వార్త రాయాల్సి వచ్చినప్పుడు మృగాడు, పశువు, కిరాతకుడు అనకండి. వాడి పని ఏమిటో రాయండి. డ్రైవరా, వ్యాపారా, పంతులా, ఏం చేస్తుంటాడో, ఆ బిడ్డకు ఏమవుతాడో రాయండి. చట్టం ఒప్పుకున్నంత వరకు రాయండి. డెస్కులో హెడ్డింగుకు అక్షరాలు సరిపోవు అంటారు. "మనిషి" అంటే మూడే అక్షరాలు.

చివరగా ఒక ఏనుగు సంగతి చెప్పి కూర్చుంటాను.

పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి వచ్చి స్థిరపడ్డాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటు చేశారు. అడవి చిన్నది, చుట్టూ రాగి, చెరకు, మామిడి. రాత్రయితే చేలల్లోకి వస్తాయి. రైతులకు అదొక పెద్ద టెన్షన్. పంట పోతుంది, ఒక్కోసారి ప్రాణమూ పోతుంది. ఏనుగు చచ్చిపోతే పోస్ట్‌మార్టం చేయడానికి అటవీ శాఖ వాళ్లు మమ్మల్ని పిలుస్తారు.

ఆ రోజు పొద్దున వెళ్లేసరికి రాగిచేను గట్టున ఏనుగు పక్కకు ఒరిగి పడి ఉంది. ఆడది. అడవిపందుల కోసం కట్టిన కరెంటు తీగ తొండానికి తగిలింది. తొండం మీద అరచేయంత చోట నల్లగా కాలింది. నోట్లో ఇంకా పచ్చి రాగికంకులు ఉన్నాయి, నమలకుండా. ఏనుగుకు పొదుగు ముందరికాళ్ల మధ్యలో ఉంటుంది, మన ఆడవాళ్లకు మల్లే. నేను అక్కడ చేయి పెట్టి కొంచెం నొక్కితే పాలు వచ్చాయి. గోరువెచ్చగా ఉన్నాయి. అంటే పిల్ల ఉంది. దూరంగా చింతతోపు అవతల మంద ఉంది, ఆ పక్క నుంచి ఘీంకారాలు వస్తూనే ఉన్నాయి. ఊరివాళ్లు పసుపు, కుంకుమ, టెంకాయలు తెచ్చారు. ఆడవాళ్లు దాని నుదుటికి బొట్టు పెట్టి ఏడుస్తున్నారు. అదే ఆడవాళ్లు ముందు వారమే టపాకాయలు కాల్చి దాన్ని తరిమినవాళ్లు.

రైతు పక్కనే కూర్చుని ఉన్నాడు, పోలీసుల మధ్య. రెండెకరాల మనిషి. ఎస్సై తీగ ఎవరు కట్టారని అడిగితే, వాళ్ల బావమరిది అడ్డం వచ్చి, "పందులకండీ, అందరూ కడతారు, ఏనుగే వచ్చి పడింది" అని ఏదో చెప్పబోయాడు. ఈయన ఆపాడు. "నువ్వుండబ్బా. నేనే కట్టినాను సామీ. ఏనుగులు తిరగతా ఉండాయని తెలిసే కట్టినాను." ఇంకేం చెప్పలేదు. తర్వాత నన్ను చూసి, "పిల్ల ఉండాదా సారూ?" అని అడిగాడు. ఉందన్నాను. తల వంచేసుకున్నాడు. మర్నాడు పేపర్లో ఒకదాంట్లో ఏనుగుల బీభత్సం అని, ఇంకోదాంట్లో రైతు కిరాతకం అని వచ్చింది. ఆ మనిషి చెప్పిన ఒక్క ముక్క ఎక్కడా రాలేదు.

జేసీబీతో గుంట తీసి, ఉప్పు వేసి పూడ్చాం. నాలుగు రోజుల తర్వాత వాళ్ల ఎనుముకు జ్వరమని కబురొస్తే వెళ్లాను. ఆయన ఇంకా జైల్లోనే ఉన్నాడు. ఆయన భార్య చెప్పింది, పూడ్చిన రాత్రే మంద వచ్చిందట. ఆ గుంట దగ్గర చాలాసేపు నిలబడ్డాయట, తొండాలతో మన్ను తడిమాయట. మిగిలిన రాగి కూడా తిన్నాయట. పొద్దున చూస్తే గుంట మీద చిన్న అడుగులు ఉన్నాయట.

"చేను తిన్నందుకు కోపం లేదు సారూ," అంది. "ఆ పిల్ల ఇప్పుడు ఎవురి కాడ పాలు తాగతా ఉంటాది?"

"మందలో అందరూ ఆడోళ్లే అమ్మా," అన్నాను. "అమ్మమ్మ, పెద్దమ్మ, పిన్నమ్మ. పాలున్నది ఉంటే ఒక్కోసారి తాగనిస్తుంది."

"ఒక్కోసారేనా?"

"ఒక్కోసారే."

ఆమె కాసేపు అలాగే నిలబడింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, ఎనుము దగ్గరికి దారి చూపించింది.